ప్లకార్డు అన్న మాట ఎదురైతే తెలుగులో ఏం రాయాలి?

కొన్నేళ్ల కిందట ఒక రసాయనాల గోదాము వారి భద్రతా నియమావళిని తెలుగులోకి మార్చే పని నాకు అప్పగించారు. నాకంటే ముందు మరెవరో సగం వరకు చేసి వదిలేసిన ప్రతిని కూడా దానితో పాటు ఇచ్చారు. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "ట్యాంకరు గేటు దాటే ముందు దాని మీద నినాదాల అట్టలు సరిగ్గా ఉన్నాయో లేదో డ్రైవరు చూసుకోవాలి." మూలంలో ఉన్న మాట ప్లకార్డు. చదివి నవ్వుకున్న మాట నిజమే గానీ, ఆ అనువాదకుడిని పూర్తిగా తప్పు పట్టలేకపోయాను. హన్మకొండలో ఏకశిలా పార్కు ముందు నుంచి రోజూ రాకపోకలు సాగించే మనిషికి ప్లకార్డు అనగానే ధర్నాలో కూర్చున్న వారి చేతుల్లోని అట్టలే కళ్ల ముందు మెదులుతాయి. తెలుగులోకి వచ్చిన తర్వాత ఆ మాట ఆ ఒక్క అర్థానికే కుదించుకుపోయింది. ఇంగ్లీషులో మాత్రం అది లారీ మీద, విమానం కాక్‌పిట్‌లో, కారు అద్దం దగ్గర, పాతకాలపు సైనికుడి కవచం మీద కూడా కనిపిస్తుంది. తెలుగులో స్థిరపడిన అర్థాన్ని తిరిగి ఇంగ్లీషు వాక్యం మీదికి ఎక్కించడం వల్లనే పై వాక్యం లాంటివి పుడుతుంటాయి.

వార్తలు రాసేవారు, ప్రభుత్వ కాగితాలనో కంపెనీ కాగితాలనో తెలుగు చేసేవారు, చరిత్ర పుస్తకాలు అనువదించే విద్యార్థులు ఈ మాట దగ్గర ఏం చేయాలో చెప్పడమే ఇక్కడ నా పని.

ముందు క్రియను చూడాలి

మొదట చేయవలసింది నిఘంటువు తెరవడం కాదు. నిఘంటువులో ప్రకటన పత్రం, గోడపత్రిక, ఫలకం అని మూడు నాలుగు మాటలు వరుసగా ఉంటాయి గానీ, వాటిలో ఏది ఎక్కడ పనికివస్తుందో తెలియదు. అందువల్ల ఆ పేరును కాసేపు పక్కన పెట్టి, వాక్యంలో ఆ వస్తువును ఎవరు ఏం చేస్తున్నారో చూడాలి. తెలుగులో ఈ జాతి వస్తువులలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క క్రియ కుదిరిపోయి ఉంది. ప్లకార్డును పట్టుకుంటారు, పోస్టరును అంటిస్తారు, బ్యానరును కడతారు, బోర్డును పాతుతారు లేదా తగిలిస్తారు, శిలాఫలకాన్ని వేయిస్తారు లేదా ఆవిష్కరిస్తారు, కరపత్రాన్ని పంచుతారు. క్రియ ఏదో తేలితే పేరు చాలా వరకు దానంతట అదే తేలుతుంది. "ప్లకార్డును అంటించారు" అని రాసిన చోట చదివేవారి నాలుక తడబడటానికి కారణం ఇదే. అది ఇంగ్లీషులో తప్పు కాదు, తెలుగులో మాత్రం పొసగదు.

క్రియతో తేలకపోతే ఆ వస్తువు దేని మీద ఉందో చూడాలి. చేతిలో ఉందా, గోడ మీద ఉందా, బండి మీద ఉందా, యంత్రం పక్కన ఉందా, మనిషి ఒంటి మీద ఉందా అన్న ప్రశ్నకు జవాబు దొరికితే మిగిలే సందేహం చాలా తక్కువ. ఇంగ్లీషు వాక్యంలో ఈ రెండూ లేనప్పుడు, అంటే కేవలం "ప్లకార్డు" అని మాత్రమే ఉన్నప్పుడు, ఆ కాగితం ఏ దేశంలో, ఏ శాఖలో, ఏ కాలంలో పుట్టిందో వెదకాలి. అమెరికా రవాణా శాఖ కాగితంలోని ప్లకార్డు వేరు, 16వ శతాబ్దపు ఫ్రాన్సు చరిత్రలోని ప్లకార్డు వేరు.

చేతిలో పట్టుకునేది

తెలుగు పత్రికలకు బాగా అలవాటైన అర్థం ఇది గనుక ఇక్కడ అనువాదం అవసరం లేదు. ప్లకార్డు అనే రాయవచ్చు. "ప్లకార్డులు చేతబూని నినాదాలు చేశారు", "ప్లకార్డులు ప్రదర్శిస్తూ ర్యాలీ తీశారు" వంటి వాక్యాలు ఊరి విలేకరి నుంచి జిల్లా డెస్కు వరకు అందరికీ కంఠతా వచ్చినవే. నినాదాల అట్ట అన్నా తప్పు లేదు. చిన్నపిల్లల ర్యాలీ గురించి రాసేటప్పుడు "అట్టలు పట్టుకొని" అన్నదే చక్కగా ఉంటుంది. కర్ర ఉంటేనే ప్లకార్డు అన్న నియమం ఏమీ లేదు. శాసనసభలో సభ్యులు తెల్ల కాగితం మీద రెండు ముక్కలు రాసి ఎత్తి చూపినా అది ప్లకార్డే అవుతుంది, ఎందుకంటే అది చేతితో పట్టుకొని ఎదుటివారు చదవాలని చూపించేది.

ఇక్కడ జాగ్రత్త పడవలసింది వర్ణక్రమం దగ్గర. మన జిల్లా పేజీలలో తరచుగా "ప్లేకార్డులు ప్రదర్శిస్తూ" అని కనిపిస్తుంది. అలా రాస్తే ధర్నాకు వచ్చినవారు పేకముక్కలు చూపిస్తూ కూర్చున్నట్టు అర్థం వస్తుంది. ఇంగ్లీషులో ఆడడమనే మాటకు దీనితో ఏ చుట్టరికమూ లేదు. "ప్ల" తర్వాత దీర్ఘం లేకుండా "కా"కు దీర్ఘమిచ్చి ప్లకార్డు అని రాయాలి. ప్లెకార్డు అనే రూపం కూడా అక్కడక్కడ కనిపిస్తుంది గానీ దానికీ ఆధారం లేదు.

ప్లకార్డు మీద ఉన్న నినాదాన్ని ఏ భాషలో ఇవ్వాలన్నది రెండో ప్రశ్న. నా అభిప్రాయంలో నినాదం ఏ భాషలో పుట్టిందో ఆ భాషలోనే తెలుగు లిపిలో ఇవ్వాలి. 1952లో వరంగల్‌లో విద్యార్థులతో మొదలై హైదరాబాదుకు పాకిన ముల్కీ ఉద్యమంలో "నాన్ ముల్కీ గో బ్యాక్" అన్నది నినాదం. దానిని "స్థానికేతరులారా వెనక్కి వెళ్లండి" అని తెలుగు చేస్తే అర్థం నిలుస్తుంది గానీ ఆ కాలం, ఆ గొంతు రెండూ పోతాయి. నినాదం తెలుగువారి మధ్య పుట్టనిదైతే, ఉదాహరణకు లండన్‌లోనో న్యూయార్కులోనో జరిగిన ప్రదర్శనలోని ప్లకార్డు అయితే, తెలుగు చేసి "అని రాసి ఉన్న ప్లకార్డులతో" అనడం మేలు.

గోడకు అంటించేది, స్తంభానికి కట్టేది

ఇంగ్లీషులో ప్లకార్డు అన్న మాటకు చేతిలో పట్టుకునేది అన్న అర్థం కంటే గోడ మీది ప్రకటన అన్న అర్థమే పాతది. చట్టాలలో అది ఇంకా బతికే ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఏ సెక్షను ఎన్నికల కరపత్రాలు, పోస్టర్ల మీద వాటిని ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, వారి చిరునామాలు తప్పనిసరిగా ఉండాలంటుంది. లేకపోతే 6 నెలల వరకు జైలు గానీ, 2,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ సెక్షను ఎన్నికల పోస్టరు అంటే ఏమిటో చెప్పే చోట ప్లకార్డు అన్న మాటను కూడా వాడింది. కేవలం సభ జరిగే తేదీ, సమయం, స్థలం తెలిపే ప్లకార్డులను, కరపత్రాలను దాని పరిధిలో నుంచి తప్పించింది. ఈ చోట "చేతిలో పట్టుకునే ప్లకార్డు" అని తెలుగు చేస్తే నియమం వక్రమవుతుంది, గోడకు అంటించేది బయటికి జారిపోతుంది. చట్టాన్ని తెలుగు చేసేటప్పుడు "ప్లకార్డు లేదా పోస్టరు" అని రెండు మాటలనూ అలాగే ఉంచడం సురక్షితం. పాఠకుల కోసం రాసే వార్తలోనైతే "ప్రచార పత్రాలు, పోస్టర్లు, ప్రకటన బోర్డులు" అని విడదీసి చెప్పవచ్చు.

పోస్టరు, ప్లకార్డు, బ్యానరు, ఫ్లెక్సీ అనేవి ఇప్పుడు తెలుగులో దాదాపు వేరువేరు వస్తువులైపోయాయి. కాగితం మీద ముద్రించి మైదాతో గోడకు అంటిస్తే పోస్టరు లేదా వాల్‌పోస్టరు. గుడ్డ మీద రాసి రెండు కొసలు లాగి కడితే బ్యానరు. ర్యాలీ ముందు వరుసలో ఇద్దరు చెరో కొస పట్టుకొని నడిచినా అది బ్యానరే. సన్నని ప్లాస్టిక్ షీటు మీద యంత్రంతో ముద్రించినది ఫ్లెక్సీ. ఇనుప చట్రం మీద ఎత్తున నిలబెట్టినది హోర్డింగు. 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్లను దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించిన నోటిఫికేషనులో "బ్యానరు" అని ఉన్నది మన ఫ్లెక్సీయే గానీ గుడ్డ బ్యానరు కాదు. ఆ వార్తను "బ్యానర్ల నిషేధం" అని శీర్షిక పెట్టి రాస్తే చౌరస్తాలో గుడ్డ మీద అక్షరాలు రాసుకొని బతికే చేతిపనివారు అనవసరంగా భయపడతారు.

గోడ మీదనే ఉన్నా శాశ్వతంగా ఉండేలా రాతిలోనో లోహంలోనో చెక్కినదాన్ని ఇంగ్లీషులో ప్లాక్ అంటారు, ప్లకార్డు అనరు. దానికి శిలాఫలకం, నామఫలకం అన్న మాటలు మనకు ఎప్పటి నుంచో ఉన్నాయి. ప్లాక్, ప్లకార్డు రెండూ ఒకే కుదురు నుంచి వచ్చినవే గనుక ఇంగ్లీషు రాసేవారే ఒక్కోసారి తారుమారు చేస్తారు. పురావస్తు శాఖవారు కోట దగ్గర నిలబెట్టిన వివరాల బోర్డును పర్యాటకులు తమ రాతలలో ప్లకార్డు అంటారు. దానికి వివరణ బోర్డు, పరిచయ ఫలకం అన్నవి చాలు. వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి రుద్రదేవుని శాసనాన్ని మాత్రం ఎవరు ప్లకార్డు అన్నా, ఫలకం అన్నా ఒప్పుకోకూడదు. అది శాసనం. ఏ భాషలో ఏ మాట వాడినా తెలుగులో దాని పేరు మారదు.

బండి మీద ఉండేది

నేను మొదట చెప్పిన వాక్యం ఈ కోవలోనిది. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగవలసి ఉంది, ఎందుకంటే ఇక్కడ మాట తప్పితే ప్రాణాల మీదికి రావచ్చు. హైదరాబాదు నుంచి వరంగల్ మీదుగా ములుగు, ఏటూరునాగారం దాటి భూపాలపట్నం వైపు సాగే 163వ నంబరు జాతీయ రహదారి పక్కన పది నిమిషాలు నిలబడితే, పెట్రోలు ట్యాంకరో గ్యాసు ట్యాంకరో ఒకటి పోతూనే ఉంటుంది. దాని పక్కలకు, వెనుకకు ఒక పలక ఉంటుంది. అందులో మూలల మీద నిలబెట్టిన చతురస్రం, దాని లోపల మంట బొమ్మ, కింద ప్రమాదపు తరగతిని తెలిపే ఒక అంకె, పక్కన సరుకు ఏదో తెలిపే నాలుగు అంకెల సంఖ్య కనిపిస్తాయి. ప్రమాదకర సరుకుల రవాణాకు సంబంధించిన ఇంగ్లీషు పుస్తకాలలో ప్లకార్డు అంటే ఈ మూలల చతురస్రమే. ఐక్యరాజ్యసమితి నమూనా నిబంధనల ప్రకారం బండి మీద దాని ప్రతి భుజం కనీసం 250 మిల్లీమీటర్లు ఉండాలి. ఇదే బొమ్మను డబ్బా మీదనో పీపా మీదనో చిన్నదిగా, భుజం 100 మిల్లీమీటర్లతో, అంటిస్తే దానిని లేబుల్ అంటారు. బొమ్మ ఒకటే అయినా రెండు పేర్లు ఉన్నాయి గనుక తెలుగులోనూ రెండింటినీ కలిపి "స్టిక్కరు" అనేయకూడదు. సరుకు మీదిది లేబుల్, బండి మీదిది ప్రమాద సూచిక బోర్డు అని నేను రాస్తాను. "ఆపద ద్యోతక ఫలకం" వంటివి వినడానికి గంభీరంగా ఉంటాయి గానీ, తెల్లవారుజామున గేటు దగ్గర నిద్రకళ్లతో ఉన్న డ్రైవరుకు అవి పనికిరావు.

మన దేశంలో దీనికి సంబంధించిన నియమం 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనలలోని 134వది. అందులో వాడిన మాట ప్లకార్డు కాదు, అత్యవసర సమాచార ప్యానెల్. బండికి రెండు పక్కలా, వెనుకా, మొత్తం మూడు చోట్ల అది ఉండాలి. సరుకు సరైన సాంకేతిక నామం కనీసం 50 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరాలలోను, ఐక్యరాజ్యసమితి తరగతి సంఖ్య కనీసం 100 మిల్లీమీటర్ల ఎత్తు అంకెలలోను, తరగతి గుర్తు కనీసం 250 మిల్లీమీటర్ల చతురస్రంలోను ఉండాలి. నిప్పు అంటుకున్నా మరే ప్రమాదం జరిగినా ఎవరికి ఫోను చేయాలో ఆ పేరు, నంబరు కూడా ఉండాలి. అందువల్ల అమెరికా కంపెనీ రాసిన నియమావళిలో "నాలుగు వైపులా ప్లకార్డులు" అని ఉంటే, దానిని ఉన్నదున్నట్టు తెలుగు చేసి ఇక్కడి డ్రైవర్ల చేతిలో పెట్టే ముందు ఆ కంపెనీవారిని ఒకసారి అడగడం అనువాదకుడి పనిలో భాగమే. నేను అలా అడిగిన తర్వాత ఆ వాక్యం ఇలా మారింది: "ట్యాంకరు గేటు దాటే ముందు దాని రెండు పక్కలా, వెనుకా అత్యవసర సమాచార ప్యానెల్, ప్రమాద సూచిక బోర్డు స్పష్టంగా కనిపిస్తున్నాయో లేదో డ్రైవరు చూసుకోవాలి."

ఆ బోర్డును చదవడం తెలిస్తే అనువాదం తప్పదు. మంట బొమ్మతో ఎర్రని బోర్డు కింద 3 అని ఉంటే మండే ద్రవం. 1203 అన్న సంఖ్య పెట్రోలుది. అదే ఎర్రని బోర్డు కింద 2 ఉంటే మండే వాయువు. వంట గ్యాసుకు 1075 అన్న సంఖ్య వాడతారు. తెల్లని బోర్డు మీద పుర్రె బొమ్మ ఉండి కింద 2 ఉంటే విష వాయువు. మంచినీటి శుద్ధికి వాడే క్లోరిన్ సంఖ్య 1017. పైన తెలుపు, కింద నలుపు ఉండి, చేతి మీద, లోహం మీద ద్రవం పడుతున్న బొమ్మ ఉంటే తినివేసే గుణమున్న పదార్థం, అంటే 8వ తరగతి. గంధకామ్లానికి 1830. పసుపుపచ్చని బోర్డు మీద వలయం, దానిపై మంట, కింద 5.1 ఉంటే అది తనంతట తాను మండకపోయినా మంటను రెచ్చగొట్టే పదార్థం. ఓపెన్‌కాస్టు బొగ్గు గనులలో పేలుళ్లకు పనికివచ్చే అమ్మోనియం నైట్రేటు, 1942 సంఖ్యతో, ఈ తరగతిలోకే వస్తుంది. నీలం బోర్డు నీరు తగిలితే మండే వాయువును విడిచే పదార్థానిది. దానిని "నీటి గుర్తు" అనుకొని నీళ్లు చల్లమని రాసిన తెలుగు కరపత్రం ఒకటి నేను చూశాను.

ప్రమాదం జరిగిన రోజు వార్త రాసేవారు కూడా ఈ సంఖ్యను గమనించాలి. "గుర్తు తెలియని రసాయనం" అని రాయడానికి బదులు బోర్డు మీది నాలుగు అంకెలను ఫొటోలో చూసి, అగ్నిమాపక అధికారిని అడిగి పేరు రాయవచ్చు. ఐరోపాలో ఇవే అంకెలు నారింజరంగు పలక మీద కింది వరుసలో ఉంటాయి. పై వరుసలో ప్రమాదపు స్వభావాన్ని తెలిపే మరో సంఖ్య ఉంటుంది. పెట్రోలుకైతే పైన 33, కింద 1203. అక్కడి ఫొటోను ఇక్కడి వార్తకు వాడుకున్నప్పుడు ఆ తేడా తెలిసి ఉండాలి.

అద్దం దగ్గర, కాక్‌పిట్‌లో, కూలిన ఇంటి తలుపు మీద

మిగిలిన వాడుకలు కొంత అరుదు గనుక త్వరగా చెప్పుకోవచ్చు. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో "నాన్నకు ప్లకార్డు తీసుకున్నాం" అని ఫోనులో చెబితే హన్మకొండలోని బంధువులు ఆయన ఏ ఉద్యమంలో చేరాడా అని విస్తుపోనక్కరలేదు. అది నడవలేనివారికి, దివ్యాంగులకు కేటాయించిన చోట కారు నిలుపుకోవడానికి అక్కడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే కార్డు. కారు లోపల వెనుక చూపు అద్దానికి దానిని తగిలిస్తారు. తెలుగులో దివ్యాంగుల పార్కింగు అనుమతి కార్డు అంటే సరిపోతుంది.

విమానాలలో ప్లకార్డు అంటే పైలట్ ఎదుటా, తలుపుల దగ్గరా, సామాన్ల అర దగ్గరా అంటించిన చిన్న హెచ్చరిక పట్టీ. ఎంత వేగం మించకూడదో, అరలో ఎంత బరువు పెట్టవచ్చో, ప్రాణరక్షక కోటు సీటు కింద ఎక్కడ ఉందో అది చెబుతుంది. చూడటానికి చిన్న స్టిక్కరులా ఉన్నా అది విమానానికి ఎగరడానికి ఇచ్చే అనుమతిలో భాగం, ఊడిపోతే ఊరుకోరు. వరంగల్ దగ్గరి మామునూరులో మళ్లీ విమానాలు దిగే రోజు కోసం ఎదురుచూస్తున్న మన ప్రాంతపు విద్యార్థులు ఆ రంగంలోకి వెళితే ఈ అర్థం అవసరపడుతుంది. సూచన పట్టీ, హెచ్చరిక పట్టీ అన్న మాటలు దీనికి చాలు.

భూకంపం వచ్చిన తర్వాత అమెరికా ఇంజినీర్లు ఇంటింటికీ తిరిగి తలుపు మీద అంటించే రంగు కాగితాలనూ ప్లకార్డులంటారు. ఆకుపచ్చది ఉంటే పరిశీలించినది, వాడుకోవచ్చునని, పసుపుపచ్చది ఉంటే పరిమితంగా వాడుకోవచ్చునని, ఎర్రది ఉంటే లోపలికి వెళ్లడం ప్రమాదమని అర్థం. వార్తలో "ఇంటికి ఎర్ర నోటీసు అంటించారు" అంటే చదివేవారికి వెంటనే తెలుస్తుంది. ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ప్రతి దేశపు జట్టుకు ముందు ఒకరు పట్టుకొని నడిచేది దేశం పేరున్న బోర్డు. విమానాశ్రయం బయట మనిషి పేరు రాసి పట్టుకొనేది పేరు అట్ట. ఈ రెండింటినీ చేతితోనే పట్టుకుంటారు గదా, ప్లకార్డు అనకూడదా అంటే, అనవచ్చు గానీ తెలుగు పాఠకుడి మనసులో ఆ మాటకు నిరసన వాసన అంటుకొని ఉంది. అతిథిని ఆహ్వానించే చోట ఆ వాసన రాకుండా చూసుకోవడమే మంచిది.

ఇంగ్లండు నవలలలో పత్రికలమ్మే దుకాణం ముందు నిలబెట్టిన ప్లకార్డు కనిపిస్తుంది. ఆనాటి ముఖ్యమైన శీర్షికను పెద్ద అక్షరాలతో రాసి, జనం ఆగి పత్రిక కొనాలని పెట్టేది అది. "పత్రికల దుకాణం ముందు శీర్షికల బోర్డు" అని విడమరచి రాయక తప్పదు.

పాత పుస్తకాలలోనిది

ఈ మాట మూలం మధ్యయుగపు డచ్చి భాషలో అతికించడమనే అర్థమున్న ధాతువు. అది పాత ఫ్రెంచిలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. మన పలకకూ దీనికీ ధ్వనిలో పోలిక ఉందని కొందరు సంబంధం కలుపుతారు గానీ, పలక సంస్కృతంలోని ఫలకం నుంచి వచ్చినది. రెండింటికీ సంబంధం లేదు. 15వ శతాబ్దపు ఇంగ్లండులో ప్లకార్డు అంటే పలుచని అధికార ముద్ర ఒత్తి ఇచ్చిన ప్రభుత్వ పత్రం. తర్వాత జనం చదవడానికి గోడకు అంటించిన ఏ ప్రకటననైనా అలా పిలిచారు. నిజాం పాలనలో ఉర్దూ రాజభాషగా నడిచిన మన ప్రాంతంలో ఇటువంటి దానిని ఇష్తిహారు అనేవారు. ఆ కాలపు నేపథ్యంలో కథో చరిత్రో రాసేవారు ఆ మాటను నిస్సంకోచంగా వాడుకోవచ్చు. చదవలేని వారి కోసం ఊళ్లో డప్పు కొట్టి చేసే చాటింపు వేరు. అది చెవికి సంబంధించినది, ఇది కంటికి సంబంధించినది.

ఫ్రాన్సు చరిత్రలో 1534 అక్టోబరులో జరిగిన ఒక ఉదంతాన్ని "ప్లకార్డుల వ్యవహారం" అంటారు. కాథలిక్ పూజా విధానాన్ని దుయ్యబడుతూ రాత్రికి రాత్రి పారిస్‌లోను మరికొన్ని పట్టణాలలోను ప్రకటనలు అంటించారు. ఒకటి ఆంబ్వాజ్‌లో రాజు మొదటి ఫ్రాన్స్వా పడకగది తలుపు మీదే వెలిసింది. ప్రొటెస్టెంటుల మీద అణచివేత అప్పటి నుంచి తీవ్రమైంది. దీనిని తెలుగులో "ప్లకార్డుల ప్రదర్శన" అంటే జనం వీధిలోకి వచ్చి ఊరేగినట్టు అర్థం వస్తుంది. జరిగింది దానికి సరిగ్గా వ్యతిరేకం, ఎవరు అంటించారో తెలియకుండా చీకట్లో జరిగిన పని. కనుక "గోడపత్రాల ఉదంతం" అనాలి. డచ్చివారు 1581 జూలై 26న స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ ఆధిపత్యాన్ని తిరస్కరించిన పత్రం పేరులోనూ ఇదే మాట ఉంది. అక్కడ అది గోడపత్రం కాదు, ప్రభుత్వ ఆజ్ఞాపత్రం. "పరిత్యాగ ప్రకటన" అని తెలుగు చేయవచ్చు. డచ్చి కంపెనీ వలస రాజ్యాల కాలపు పత్రాలలో ఈ మాట కనిపిస్తే ముందుగా ఉత్తర్వు అన్న అర్థాన్నే పరీక్షించాలి.

కవచాల గురించి చదివేటప్పుడు ఎదురయ్యే ప్లకార్డు పూర్తిగా వేరైనది. 15వ శతాబ్దపు ఐరోపా యోధులు రొమ్ము కవచం కింది సగం మీద అదనంగా బిగించుకున్న ఉక్కు రేకు అది. పొట్ట రేకు, అదనపు రొమ్ము రేకు అనవచ్చు. దుస్తులలోనూ పైవస్త్రం కింద ఎదుట తొడుక్కొనే ముక్కకు ఇదే పేరు ఉండేది. చొక్కా ముందు భాగంలో గుండీలు, కాజాలు ఉండే పట్టీకి ఇప్పటి ఇంగ్లీషులో ఉన్న ప్లాకెట్ అన్న పేరు దాని నుంచే మారివచ్చి ఉంటుందని నిఘంటుకారులు భావిస్తారు. దర్జీ దుకాణంలో దానిని కాజా పట్టీ అంటారు. అనువాదంలోనూ అదే మాట ఉండాలి.

ఫ్రెంచి నుంచి వచ్చిన వాక్యమైతే

ఫ్రెంచిలో ఇప్పుడు ఈ మాటకు మొదటి అర్థం గోడలో అమర్చిన అలమర. తరువాతివే మిగిలినవన్నీ. ఉద్యోగిని తొలగించకుండా, పనీ ఇవ్వకుండా మూలన కూర్చోబెట్టడాన్ని ఫ్రెంచివారు "ప్లకార్డులో పెట్టడం" అంటారు, అంటే అలమరలో పెట్టి తలుపు వేయడం. మన కార్యాలయాలలో "మూలన పడేశారు" అంటారు, అది చక్కగా సరిపోతుంది. ముద్రణ రంగంలో పేజీలుగా విడదీయక ముందు తీసే ప్రూఫుకూ ఫ్రెంచిలో ఇదే మాట ఉంది. తెలుగు ముద్రణాలయాలలో దానిని గ్యాలీ ప్రూఫ్ అన్నారు. ఇంగ్లీషు ద్వారా తెలుగు చేసిన ఫ్రెంచి కథలో బట్టలు ప్లకార్డులో సర్దినట్టు ఉంటే, ఇంగ్లీషు అనువాదకుడే ముందు తప్పు చేశాడని గుర్తించి బట్టలను అలమరలోనే సర్దాలి.

ఇన్ని చూసినా తేలని వాక్యాలు ఒకటో రెండో మిగులుతాయి. ఫొటో లేదు, క్రియ లేదు, "గేటు దగ్గర ప్లకార్డు ఉంది" అన్న ముక్క మాత్రమే ఉంది అనుకోండి. అప్పుడు నేను బోర్డు అని రాస్తాను. అది చెక్కదైనా, రేకుదైనా, అట్టదైనా, పాతినదైనా, తగిలించినదైనా తెలుగులో బోర్డు అబద్ధం కాదు. ఆ గేటు దగ్గర మనుషులు కూడా ఉన్నారని తర్వాతి వాక్యంలో తేలితే మాత్రం వెనక్కి వచ్చి, అది వారి చేతుల్లో ఉందో గేటుకు వేలాడుతోందో మూలం పంపినవారిని అడిగి సరిచేస్తాను.